వయసైపోయిందిలే అనే ముందు

మా మల్లి నీళ్ళ గిన్నె పెరటి గుమ్మం పక్కన, కుళాయికి దగ్గరగా ఉంటుంది. పొద్దున ముగ్గు వేసి లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, సాయంత్రం అంట్లు తోమాక ఒకసారి నింపుతాను. పదకొండేళ్ళుగా అదే లెక్క. ఈ ఏడాది మార్చి ఆఖరి వారంలో ఆ లెక్క తప్పింది. మధ్యాహ్నం చూస్తే గిన్నె ఖాళీ. నింపాను. రాత్రి తలుపు గడియ పెట్టబోతూ చూస్తే మళ్ళీ ఖాళీ. "ఎండలు ముదిరాయి కదా, పాపం దాహమేస్తున్నట్టుంది" అనుకుని ఇంకా పెద్ద గిన్నె పెట్టాను. ఏదో పుణ్యకార్యం చేసినట్టు సంతోషపడ్డాను కూడా.

ఆ పెద్ద గిన్నె గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకో చెప్తాను.

మల్లి మా ఇంటి కుక్క. తెల్లటి బొచ్చు, చిన్న మూతి. ఇచ్చినవాళ్ళు పొమెరేనియన్ అన్నారు. మన దేశంలో ఆ పేరుతో ఇళ్ళల్లో పెరిగేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా, అరచేతిలో పట్టేంత పిల్లగా వచ్చింది. డిగ్రీలో తెలుగు చదివిన పాపానికి పేరు పెట్టే పని నా మీద పడింది. తెల్లగా ఉంది కాబట్టి మల్లి అన్నాను. ఇప్పుడా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది, అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. మల్లి మాత్రం రోజంతా నాతోనే, వంటింటి గుమ్మంలో ఉంటుంది.

నీళ్ళ సంగతి అలా ఉండగానే ఇంకొకటి మొదలైంది. పొద్దున లేచేసరికి వరండాలో తడి. పదకొండేళ్ళలో ఎన్నడూ ఇల్లు తడపని కుక్క. మా అత్తయ్యగారు చూసి, "ముసలిదైపోయిందమ్మాయ్, పట్టు తప్పింది. నాకు మాత్రం తప్పట్లేదూ?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. గుడ్డ తెచ్చి తుడిచాను. రెండ్రోజులకి పెరుగన్నం సగం వదిలేసింది. "వయసైపోయింది కదా, అరగదు, సగమే పెట్టు" అన్నారు మావారు. సగమే పెట్టాను. మెట్లెక్కి డాబా మీదికి రావడం మానేసింది. వయసు. పేపరు వేసే కుర్రాణ్ణి చూసి అరవడం మానేసింది. అదీ వయసే.

గమనించారా? అడిగినవాటన్నిటికీ మా దగ్గర ఒకటే జవాబు. ఆ జవాబు దొరికాక మేము ఇంక దాని వంక సరిగ్గా చూడనే లేదు.

గురువారం వాంతి చేసుకుంది. మా అబ్బాయి ఊళ్ళో ఒక మందుల షాపుకి వెళ్ళి అడిగితే, "ముసలి కుక్క, పైగా ఎండలు, గ్యాస్ అయ్యుంటుంది" అని ఒక సిరప్ ఇచ్చారు. అది పోసిన పావుగంటకి అదీ కక్కేసింది. శుక్రవారం రాత్రి వంటింటి గచ్చు మీద పక్కకి పడుకుని లేవలేదు. పేరు పెట్టి పిలిస్తే తోక కొస కదిలింది, అంతే. పొట్ట నిమిరితే గట్టిగా, గుండ్రంగా ఉంది. ఆ రాత్రి నేను పక్క తెచ్చుకుని అక్కడే పడుకున్నాను. తెల్లవారుజామున పెదవి ఎత్తి చూస్తే, ఎప్పుడూ గులాబీరంగులో ఉండే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి.

పొద్దున్నే అత్తయ్యగారు చూసి, "దాని రుణం తీరిందమ్మాయ్. ఇంత తులసి తీర్థం పోసి వదిలెయ్యండి, సుఖంగా పోతుంది" అన్నారు. కోపంతో కాదు, ప్రేమతోనే అన్నారు. పక్కింటి పిన్నిగారూ అదే మాట అన్నారు. నాకూ ఒక్క క్షణం అదే సరైందనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి? కానీ, ఏమైందో తెలియకుండా తీర్థం ఎలా పోస్తాం? మావారితో, "ఏమండీ, దానికేమైందో ఒక్కసారి తెలుసుకుందాం. ఇక లేదని డాక్టరు చెప్తే ఇంటికి తెచ్చుకుని నేనే తీర్థం పోస్తాను" అన్నాను. ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు చెప్పి, కారు తీశారు.

మాది తెనాలి. దుగ్గిరాల, మంగళగిరి మీదుగా విజయవాడ ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. మల్లిని పాత దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. దారి పొడుగునా పొట్ట మీద చెయ్యి పెట్టి, ఊపిరి ఆడుతోందా లేదా చూసుకుంటూనే ఉన్నాను. కృష్ణ వారధి దాటాక అది తల ఎత్తి, గట్టు మీంచి వచ్చే గాలి వాసన చూసి, మళ్ళీ పడుకుంది.

క్లినిక్‌లో డాక్టరమ్మ చిన్న వయసావిడ. పొట్ట నొక్కి చూస్తూనే మావారిని ప్రశ్నలు అడిగింది. "ఆపరేషన్ చేయించారా, అదే, పిల్లలు పుట్టకుండా? ఆఖరిసారి ఎదకి ఎప్పుడొచ్చింది? నీళ్ళు ఎక్కువ తాగుతోందా? యూరిన్ ఎక్కువ పోస్తోందా? కింద నుంచి చీములాంటిదేమైనా పడిందా?" మావారు నా వంక చూశారు. ఆపరేషన్ చేయించలేదు. శివరాత్రికి ముందు వారం ఎదకొచ్చింది. పది రోజులుగా గిన్నెలు గిన్నెలు తాగుతోంది. రాత్రుళ్ళు వరండా తడుపుతోంది. చీము పడలేదు. ఒక్కటి కూడా తడుముకోకుండా చెప్పాను.

అన్ని జవాబులూ నా దగ్గరే ఉన్నాయండీ. గిన్నె నింపింది నేను, వరండా తుడిచింది నేను, వదిలేసిన అన్నం పారబోసింది నేను. విడివిడిగా మూడూ చూశాను, కలిపి చూడలేదు. ఇంట్లో ఆడవాళ్ళు రోజూ చూసేవి కబుర్ల కిందే పోతాయి తప్ప, అవి ఎక్కడో పనికొచ్చే సమాచారమని మనకే తోచదు. డాక్టరమ్మ అడిగితే తెలిసింది, నాకెంత తెలుసో.

స్కానింగ్ చేశారు, రక్తం తీశారు. జబ్బు పేరు పయోమెట్రా. గర్భసంచి నిండా చీము. ఎదకి వచ్చి వెళ్ళాక నెల, రెండు నెలల లోపు ఎక్కువగా వస్తుందట. ప్రతిసారీ ఎద తర్వాత ఒంట్లో ఊరే ప్రొజెస్టెరాన్ హార్మోను వల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. గర్భం రాకపోయినా కుక్కల్లో ఆ హార్మోను రెండు నెలలదాకా ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా జరిగి జరిగి, ఒకసారి ఆ పొరలో సూక్ష్మక్రిములు చేరితే చీము పడుతుంది. కొన్నింటికి చీము బయటికి కారుతుంది కాబట్టి ఎవరో ఒకరు చూస్తారు. మల్లికి ద్వారం మూసుకుపోయింది. ఒక్క చుక్క బయటికి రాలేదు. ఇదే ఎక్కువ ప్రమాదమట. లోపలి విషం రక్తంలో కలిసి కిడ్నీల మీద దెబ్బ తీస్తుంది. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కిడ్నీలకి పోతుంది కాబట్టి నీళ్ళలా పోసేస్తుంది, పోయిన నీటి కోసం గిన్నెలు గిన్నెలు తాగుతుంది.

అంటే నేను ఎండాకాలం అనుకున్నదీ, అత్తయ్యగారు ముసలితనం అనుకున్నదీ ఒకటే జబ్బు. నేను పెద్ద గిన్నె పెట్టి దానికి సాయం చేశాననుకున్నాను.

"ఆపరేషన్ చేసి గర్భసంచి, అండాశయాలు తీసేయాలి, అదీ ఇవాళే" అంది డాక్టరమ్మ. మావారు నెమ్మదిగా అడిగారు, "పదకొండేళ్ళు కదమ్మా, తట్టుకుంటుందా?" నేను ఆ ప్రశ్నని తప్పు పట్టను. అడగాల్సిన ప్రశ్నే. ఆవిడ చెప్పిన సమాధానం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "రిస్కు ఉంది సార్. కానీ వయసుకి మందు లేదు, దీనికుంది."

అక్కడ బెంచీ మీద కూర్చుని నేను మూడు ప్రశ్నలు అడిగాను. ఆపరేషన్ చేస్తే జబ్బు పూర్తిగా పోతుందా? బతికితే ఎలా బతుకుతుంది, మంచం పట్టా, మామూలుగానా? చేయించకపోతే ఎలా పోతుంది? గర్భసంచే లేకుండా పోతుంది కాబట్టి ఈ జబ్బు మళ్ళీ రావడం చాలా అరుదని చెప్పింది. క్రియాటినిన్ కొంచెం పెరిగింది, గుండె బాగుంది, కాబట్టి గట్టెక్కితే మామూలుగా తిరుగుతుందని చెప్పింది. మూడో ప్రశ్నకి మాత్రం కొంచెం ఆగి, "సుఖంగా పోదమ్మా. సంచి పగలొచ్చు. లేకపోతే విషం ఎక్కి రెండు మూడు రోజులు బాధపడి పోతుంది" అంది.

తులసి తీర్థంతో సుఖంగా పోతుందని మేమనుకున్న చావు ఇదన్నమాట.

మధ్యాహ్నం దాకా సెలైను, యాంటీబయాటిక్ ఎక్కించి, కాస్త తేరుకున్నాక సాయంత్రం నాలుగింటికి లోపలికి తీసుకెళ్ళారు. ఆరు దాటాక బయటికి వచ్చి, తీసేసిన సంచి ట్రేలో చూపించారు. కేజీకి దగ్గరగా ఉందన్నారు. మల్లి మొత్తం బరువే పదకొండు కేజీలు. అంత చీము కడుపులో పెట్టుకుని, నేను పిలిచినప్పుడల్లా తోక ఊపింది.

రెండు రాత్రులు అక్కడే ఉంచి సోమవారం ఇంటికి పంపారు. ఆ తర్వాత రెండు వారాల పనంతా ఇంట్లో పసిపిల్ల ఉన్నట్టే. కుట్లు నాక్కోకుండా మెడకి గరాటులాంటి ప్లాస్టిక్ కాలరు వేశారు. దానితో గుమ్మాలకీ మంచంకోళ్ళకీ కొట్టుకుంటుంటే నేనే ముందు నడిచి దారి చూపించేదాన్ని. రోజుకి రెండుసార్లు మాత్రలు. వెన్నముద్దలో పెడితే వెన్న తిని మాత్ర ఉమ్మేసేది, చివరికి అరటిపండు ముక్కలో కుదిరింది. కోడిమాంసం ఉడికించిన నీళ్ళు, ఉప్పూ కారం ఉల్లిపాయ లేకుండా, ఇమ్మన్నారు. మాది గుడ్డు కూడా ఉడకని వంటిల్లు. తీర్థం పోయమన్న పక్కింటి పిన్నిగారే రోజూ పొద్దున స్టీలు డబ్బాలో పట్టుకొచ్చి గోడ మీంచి అందించారు.

ఇంకొక సంగతి చెప్పాలి. మూడేళ్ళ వయసులోనే మల్లికి ఆపరేషన్ చేయిద్దామని మా అమ్మాయి గొడవ చేసింది. అప్పుడు వద్దన్నది అత్తయ్యగారు. మేమేదో చాదస్తం అనుకుని ఊరుకున్నాం. ఇప్పుడు, ఇంటికి తెచ్చిన రోజు రాత్రి, ఆవిడ మల్లి పక్కన పీట వేసుకుని కూర్చుని కుట్లు చూశారు. "నాకూ ఇక్కడే కోశారు. ముప్ఫై ఎనిమిదేళ్ళకి. డాక్టరు తీసెయ్యాలన్నాడు, మీ మామయ్య సంతకం పెట్టారు. నన్నెవరూ అడగలేదు. అప్పట్నుంచీ నడుము నాది కాదమ్మాయ్. అందుకే దీనికొద్దన్నాను" అన్నారు. ఇరవై మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నాను. ఆవిడకి ఆ ఆపరేషన్ అయిందని తెలుసు, ఆవిడ అడక్కుండా అయిందని తెలియదు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి గర్భసంచి తీసేయడం దేశంలోకల్లా ఎక్కువని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అత్తయ్యగారిది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు కథ. ఆవిడ భయానికి కారణం ఉంది. మేము ఆ కారణం అడిగి, మనిషికీ కుక్కకీ ఈ విషయంలో తేడా ఏమిటో డాక్టరుతో చెప్పించి ఉంటే, మల్లికి ఈ గండం వచ్చేదే కాదు.

అందుకే ఆడకుక్క ఉన్న వాళ్ళకి ఒక మాట చెప్తాను. పిల్లల్ని కనిపించే ఉద్దేశం లేకపోతే ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆపరేషన్ చేయించండి. ఏ వయసులో అన్నది జాతిని, బరువుని బట్టి డాక్టరు చెప్తారు. ఒక్క కాన్పైనా అయితేనే ఆరోగ్యం అనేది ఉత్త అపోహ. కాన్పు అయినవాటికీ ఈ జబ్బు వస్తుంది. స్వీడన్‌లో పెంపుడు కుక్కల ఇన్సూరెన్స్ రికార్డులు తిరగేసి చేసిన పరిశోధనలో, ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో దాదాపు నాలుగోవంతుకి పదేళ్ళలోపే ఇది వచ్చినట్టు తేలింది. మా వీధి చివర చెత్తకుండీ దగ్గర పడుకునే నల్లకుక్కకి చెవి కొస కత్తిరించి ఉంటుంది. మున్సిపాలిటీవాళ్ళు ఆపరేషన్ చేసి వదిలారని గుర్తు. పట్టించుకునే దిక్కులేని కుక్కకి జరిగిన మేలు, మేము మీగడ పెట్టి పెంచిన కుక్కకి జరగలేదు.

ఇక అందరూ అడిగే డబ్బు సంగతి. స్కానింగూ పరీక్షలూ ఆపరేషనూ మందులూ అన్నీ కలిపి 28 వేలు అయింది. సోఫా మార్చుకుందామని నేను దాచుకున్న చీటీ డబ్బులు అందులోకి పోయాయి. మా బంధువొకాయన ఫోన్ చేసి, "పదకొండేళ్ళ కుక్కకి అంత పోశారా? ఆ డబ్బుకి కొత్తవి రెండొచ్చేవి కదమ్మా" అన్నారు. సోఫా అయితే నిజంగానే కొత్తది కొనుక్కోవచ్చు, అందుకే అది ఆగింది.

అయితే 28 వేలు లేని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అప్పు చేసైనా వైద్యం చేయించండని నేను అనను, అనే హక్కు నాకు లేదు. గన్నవరం, తిరుపతి, హైదరాబాదు రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలల ఆస్పత్రుల్లో కుక్కలకీ వైద్యం చేస్తారు, ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు తక్కువ. ఆ దారి ఒకటుందని తెలిసి ఉండడం మంచిది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయించి ఉంటే మాకూ ఇందులో చాలా కొద్దిమొత్తంతో పోయేది.

"మనుషులకే దిక్కులేదు, కుక్కకా" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు డిగ్రీలో చదివిన ఆదిపర్వం గుర్తొస్తుంది. కుక్క అనగానే అందరూ ధర్మరాజుతో పాటు స్వర్గద్వారం దాకా వెళ్ళిన కుక్కని తలుచుకుంటారు. నాకు సరమ గుర్తొస్తుంది. ఏ తప్పూ చేయని తన బిడ్డని జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారని, నేరుగా రాజు దగ్గరికే వచ్చి అడిగిన తల్లికుక్క. చేయదగిందో కాదో ఆలోచించకుండా చేసినవాళ్ళకి అనుకోని ఆపదలు వస్తాయని హెచ్చరించి పోతుంది. ఆ సరమ వచ్చి "పది రోజులు ఏం చూశావు?" అని నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు.

అలాగని ప్రతి ముసలి కుక్కకీ ఆపరేషన్లు చేయించి తీరాలని కాదు నేను చెప్పేది. మా తెలిసినవాళ్ళ లాబ్రడార్‌కి పదమూడేళ్ళు. ఎముక క్యాన్సర్ వచ్చి, ఊపిరితిత్తులకీ పాకింది. పరీక్షలన్నీ చేయించి, డాక్టరుతో మాట్లాడి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చోగా ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చారు. సరైన పని చేశారంటాను. నా మూడు ప్రశ్నలకీ మల్లి విషయంలో వేరే జవాబులు వచ్చి ఉంటే, కిడ్నీలు పూర్తిగా పాడైపోయాయని తేలి ఉంటే, నేనూ అదే చేసేదాన్ని. చూసి వదలడం వేరు, చూడకుండా వదలడం వేరు. "వయసైపోయిందిలే" అనేది రెండో రకం మాట. వినడానికి వైరాగ్యంలా ఉంటుంది. నిజానికి అది మన బద్ధకం, కొంత భయం.

మీ ఇంట్లో వయసు మళ్ళిన కుక్క ఉంటే నేను నేర్చుకున్నవి నాలుగు చెప్తాను. నీళ్ళు కొలిచి పోయండి. మామూలుగా కుక్క బరువులో కేజీకి రోజుకి 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది. కేజీకి 100 దాటితే ఎండాకాలమనుకోకుండా డాక్టరుకి చూపించండి. మల్లికి లీటరు దాటితేనే ఎక్కువ. ఇంటికొచ్చాక నా పెద్ద గిన్నె కొలిచి చూస్తే లీటరుంపావు పట్టింది, అది రోజుకి రెండుసార్లు నింపాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడే చిగుళ్ళ రంగు చూసి గుర్తుపెట్టుకోండి, అప్పుడే తేడా తెలుస్తుంది. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. అది చూసి జ్వరమని కంగారుపడి మన జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు వేయకండి, అవి వాటికి ప్రాణాంతకం కావచ్చు. ఆడకుక్కయితే ఎదకొచ్చిన తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. పాలవాడి లెక్క, గ్యాసు బండ తేదీ రాసుకోమా? దాని పక్కనే ఇదీ.

మల్లి కోలుకుంది. కుట్లు విప్పి బొచ్చు కూడా వచ్చేసింది. నెల తర్వాత రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీల లెక్క మామూలుకి వచ్చింది. డాబా మెట్లు నెమ్మదిగా, మధ్యలో ఒకసారి ఆగి ఎక్కుతుంది. అది మాత్రం వయసే. ఇంకా ఏడాదో, రెండేళ్ళో, మూడేళ్ళో. ఎంతైనా సరే.

ఇదంతా సద్దుమణిగాక ఒకరోజు వరండా కడుగుతుంటే అత్తయ్యగారు ఆరోజు అన్న మాట గుర్తొచ్చింది. "నాకు మాత్రం తప్పట్లేదూ?" అన్నారు, ఇద్దరం నవ్వుకున్నాం. చీపురు పక్కన పడేసి వెళ్ళి అడిగాను, "అత్తయ్యా, మీకు ఎన్నాళ్ళనుంచి అలా అవుతోంది?" "రెండేళ్ళయింది" అన్నారు తల వంచుకుని. అందుకేనట పెళ్ళిళ్ళకి రావడం మానేసింది. అందుకేనట రాత్రి ఏడు దాటితే మంచినీళ్ళు ముట్టరు. మేమేమో ఓపిక లేక రావట్లేదనుకున్నాం. "నాకెందుకు చెప్పలేదు?" అంటే, "చెప్పడానికేముందమ్మాయ్, వయసైపోయింది కదా" అన్నారు.

మర్నాడే ఊళ్ళో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్షలు చేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది. దానికి మందులు, కండరాలు బిగించే వ్యాయామం ఇచ్చారు. పూర్తిగా పోలేదు గానీ సగానికి సగం నయం. పోయిన వారం మేనకోడలి సీమంతానికి పట్టుచీర కట్టుకుని వచ్చి, చివరిదాకా కూర్చున్నారు.

నిన్న సాయంత్రం నేను కొలత గ్లాసుతో మల్లి గిన్నెలో నీళ్ళు పోస్తుంటే గుమ్మంలో నించుని చూస్తూ, "నా చెంబు కూడా అలా కొలుస్తావా ఏంటి?" అన్నారు.

"కొలుస్తానత్తయ్యా" అన్నాను.